ప్రత్యేక అవసరాల పిల్లల పాఠ్యప్రణాళిక

తరగతిలో అందరికీ చెప్పే పాఠాన్ని ఉన్నదున్నట్టుగా అందుకోలేని పిల్లలకు ఏం నేర్పాలి, ఏ క్రమంలో నేర్పాలి, వచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్నవి ముందే నిర్ణయించుకునే ఏర్పాటు ఇది. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ పొందిన 6–18 ఏళ్ల పిల్లలకు ఇంటికి దగ్గరలోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు కల్పించింది. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారు ఇంటి దగ్గరే చదువుకునే వీలు విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతో వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయి భవిత కేంద్రాలు ఈ పిల్లలకు ఆసరాగా ఉంటాయి. కాబట్టి ప్రణాళిక మామూలు బడికీ, ప్రత్యేక పాఠశాలకూ, ఇంటికీ పనికొచ్చేలా ఉండాలి.

రూపకల్పనలో మొదట తేలవలసిన విషయం ఒకటుంది. పాఠం అదే ఉంచి దారి మార్చాలా, లేక పాఠాన్నే మార్చాలా? చూపు లేని విద్యార్థికి రేఖాగణితం అర్థం కాకపోవడం ఉండదు, నల్లబల్ల మీది బొమ్మ అందకపోవడమే ఉంటుంది. ఉబ్బెత్తు గీతల బొమ్మను వేళ్లతో తడిమితే త్రిభుజం త్రిభుజమే. దారి మారిస్తే సరిపోయే చోట పాఠాన్నే తీసేయడం బడుల్లో తరచూ జరిగే పొరపాటు. అలా తీసేసిన పాఠం ఆ విద్యార్థి పైచదువుల దారినే మూసేయవచ్చు.

చూపు లేని పిల్లలకు తరగతి పాఠాలతో పాటు అదనంగా నేర్పేవి కొన్ని ఉంటాయి: బ్రెయిలీ, అబాకస్ మీద లెక్కలు, చేతికర్రతో ఒంటరిగా నడవడం, సొంత పనులు చేసుకోవడం. ప్రత్యేకోపాధ్యాయులు దీన్ని ప్లస్ కరికులమ్ అంటారు. తెలుగు బ్రెయిలీకి 1951లో స్థిరపడిన భారతి బ్రెయిలీయే ఆధారం. ఇందులో గుణింతపు గుర్తులకు వేరే రూపాలు లేవు. ‘కి’ రాయాలంటే క రాసి పక్కన ఇ రాస్తారు. ఒత్తు కిందికి దిగదు. ‘అమ్మ’లో అ తర్వాత పొల్లు గుర్తు, ఆ వెనుక రెండు మ-లు వరుసగా వస్తాయి. అచ్చు పుస్తకంలోని గుణింతాల, ఒత్తుల పాఠాల క్రమాన్నే ఈ పిల్లలకూ వాడితే ఉపయోగం లేదు.

వినికిడి లోపం ఉన్నవారికి అసలు చిక్కు భాషది. పుస్తకాల భాషను తేలిక చేయడం, సైగల భాషలో బోధించడం ముఖ్యం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను భారతీయ సంకేత భాషలోకి తెచ్చేందుకు 2020లో ఒప్పందం కుదిరింది. డిస్లెక్సియా ఉన్నవారికి చదివే భారం తగ్గించి, నోటితో జవాబు చెప్పనిస్తే చాలావరకు తరగతి పాఠాలే సరిపోతాయి.

మేధో వైకల్యం ఉన్నవారి విషయంలోనే పాఠాన్ని నిజంగా కొత్తగా రాయవలసి వస్తుంది. ఈ రంగంలో సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ కృషి ప్రధానమైనది. 1990లలో అది రూపొందించిన పరిశీలన పట్టికలు వయసునూ సామర్థ్యాన్నీ బట్టి పూర్వ ప్రాథమిక దశ నుంచి వృత్తి శిక్షణ ముందరి దశ దాకా విస్తరించి ఉంటాయి. స్వయంసేవ, సామాజిక నడవడి, చదువు, పని, వినోదం అన్న విభాగాల్లో ఒక్కో నైపుణ్యాన్నీ పరిశీలిస్తారు. బిడ్డ తనంతట చేస్తున్నాడా, సైగ చేస్తే చేస్తున్నాడా, నోటితో చెబితే చేస్తున్నాడా, చెయ్యి పట్టి చేయించాలా అన్నది వేర్వేరు గుర్తులతో నమోదవుతుంది. వచ్చింది, రాలేదు అని రెండే గళ్లు పెడితే బయటపడని ప్రగతి ఇందులో కనిపిస్తుంది.

ఈ పరిశీలన మీదే వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అంటే ఐఈపీ, తయారవుతుంది. దీన్ని మొదట తప్పనిసరి చేసింది 1975 నాటి అమెరికా చట్టం. ఐఈపీలో లక్ష్యం కొలవగలిగేలా ఉండాలి. ‘డబ్బు విలువ తెలుసుకుంటుంది’ అని రాస్తే కొలవడానికి ఏమీ ఉండదు. ‘పదిసార్లు అడిగితే కనీసం ఎనిమిదిసార్లు పది, ఇరవై, యాభై రూపాయల నోట్లను వేరుచేసి ఇస్తుంది’ అంటే ఎవరైనా సరిచూడవచ్చు. తర్వాత ఆ పనిని చిన్న చిన్న అడుగులుగా విడగొడతారు. చొక్కా తొడుక్కోవడం నేర్పేటప్పుడు చివరి గుండీ ఒక్కటి తప్ప మిగతాదంతా ఉపాధ్యాయురాలే చేస్తుంది. ఆ గుండీని బిడ్డ పెడతాడు. అది వచ్చాక చివరి రెండు, ఆపై మూడు. ఇలా వెనక నుంచి నేర్పితే ప్రతిసారీ పని బిడ్డ చేతిలోనే పూర్తవుతుంది. తల్లిదండ్రులు ఇంట్లోనూ ఇదే వరుస పాటించకపోతే బడిలో వచ్చింది ఇంట్లో పోతుంది. అందుకే ఐఈపీ తయారీలో వాళ్లూ కూర్చోవాలి.

సామర్థ్యం చిన్నదైనా వయసును మరవకూడదు. పదిహేనేళ్ల కుర్రాడికి కూడిక రాకపోవచ్చు. అయినా నర్సరీ బొమ్మల పుస్తకం పెట్టి నేర్పడం అవమానమే. అదే కూడికను కిరాణా చీటీతోనూ బస్సు టికెట్టుతోనూ నేర్పవచ్చు. ఆ వయసు నుంచి అక్షరాల వాటా తగ్గి, సమయపాలన, తూకం, ప్యాకింగ్, ఒంటరి ప్రయాణం వంటి వాటి వాటా పెరగాలి. 2016 చట్టం కల్పించిన ఉచిత విద్య హక్కు 18 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత జీవనానికి కావలసింది అంతకు ముందే ప్రణాళికలో చేరి ఉండాలి.