బొబ్బిలి స్మారకస్తంభము - యాత్రికుని దృష్టి

బొబ్బిలి పేరు వినినంతనే ఆంధ్రుని హృదయమున వీరరసము పొంగుట సహజము. జంగముల కథాగానము, దిట్టకవి నారాయణకవి రచించిన రంగరాయచరిత్రము, వేదము వేంకటరాయశాస్త్రిగారి నాటకము, 1964 నాటి చలనచిత్రము ఈ భావమును పోషించుచు వచ్చినవి. ఆ భావముతోనే నేటి యాత్రికుడు బొబ్బిలికి వచ్చుచున్నాడు. అతనికి కనబడునది యేమి, కనబడనిది యేమి యను విషయము విచారింపదగియున్నది.

1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ విజయనగర ప్రభువైన పూసపాటి పెదవిజయరామరాజుతో గూడి ముట్టడించిన మట్టికోట నేడు లేదు. పట్టణమున నున్న రాజప్రాసాదము 19వ శతాబ్దిలో వెలసినది. యుద్ధభూమిని గుర్తించునది 1891లో నెలకొల్పిన స్తంభము. కావున ప్రాసాదమును జూచి పాపారాయని కోటను జూచితినని మురియువాడు చరిత్రను గాక తన యూహను దర్శించుచున్నాడు.

స్తంభము వీరమరణమును స్మరింపజేయును. కాని ఆనాటి ఘట్టములలో మిక్కిలి దుస్సహమైనది వేఱొకటి కలదు. కోట నిలువదని తేలినపుడు, శత్రువుల చేత చిక్కకుండుటకై, లోపలి స్త్రీలను శిశువులను స్వజనులే సంహరించిరి. రాబర్టు ఓర్మ్ తన గ్రంథమున దీనిని వర్ణించెను. రంగారాయని కుమారుడైన బాలుడు మాత్రము బ్రతికి బయటపడెను. ఈ సంహారము మానరక్షణమని కీర్తింపబడినది. కాని ఆ స్త్రీల సమ్మతి యెంత? శిశువు లేమి యెఱుగుదురు? కీర్తనము ఈ ప్రశ్నలను కప్పివేయరాదు.

విజయరామరాజు వధ విషయమునను రెండు దృష్టులు కలవు. కోట కూలిన కొలదిదినములకే ఆయన తన గుడారమున రాత్రివేళ హతుడయ్యెను. ఓర్మ్ నలుగురు ప్రతిన పూనిరని చెప్పగా, జనశ్రుతి తాండ్ర పాపారాయునే నాయకునిగ నిలిపినది. బొబ్బిలివారి కిది ప్రతీకారము. విజయనగరమువారికి తమ ప్రభువు హత్య. నేడు బొబ్బిలి విజయనగరము జిల్లాలోనే యున్నది. ఒకే జిల్లాలోని రెండు స్మృతులలో ఒకదానినే చెప్పుట న్యాయము కాదు.

కనుక ఇచ్చట యాత్రికునకు జెప్పదగినవి మూడు: కనబడు ప్రాసాదము యుద్ధకాలపు కోట కాదు, వధను గూర్చి రెండు వృత్తాంతములు గలవు, కోటలోని మృతులందఱు ఖడ్గము పట్టినవారు కారు. ఇట్లు చెప్పినంతమాత్రమున పాపారాయని శౌర్యమునకు లోపము రాదు. స్తంభమునకు మ్రొక్కువాడు పేరు మిగులని ఆ తల్లులను బిడ్డలను గూడ స్మరించును. అప్పుడే ఆ స్థలము వినోదస్థానము గాక చరిత్రస్థానమగును.