కోదండరాముని కొలువులో కవుల పండుగ



కడప నుండి రాజంపేటకు పోవు దారిలో ఒంటిమిట్ట కలదు. అచట చైత్రమాసమున శ్రీ కోదండరామస్వామివారి బ్రహ్మోత్సవములు జరుగును. తక్కిన రామాలయములలో సాధారణముగా నవమినాటి పగలే సీతారామకల్యాణము జరుగగా, ఇచట అది తరువాతి దినములలో, రాత్రివేళ, వెన్నెలలో జరుగును. నవమినాడు ఇచట వేరొక వేడుక కలదు. అది పోతన జయంతి. ఆనాడు స్వామి సన్నిధిలో కవులు సమావేశమై పద్యములు చదువుదురు. దేవుని ఉత్సవములో కవి పుట్టినరోజును కలిపి చేయు ఊళ్ళు మనకు ఎన్నో లేవు.

పోతన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లువాడా అను వాదము నేటిది కాదు. ఆయన తనది ఏకశిలానగరమని చెప్పుకొనెను. ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణ విగ్రహములు మూడును ఒకే శిలయందు మలచబడినవి కనుక ఇదియే ఏకశిలానగరమని ఇచటివారందురు. ఓరుగల్లు అను పేరులోనే ఒక్క కల్లు ఉన్నదని అటువారందురు. కవి ఇంటిపేరుగల బమ్మెర గ్రామము ఓరుగల్లు ప్రాంతముననే ఉన్నది. ఆ సాక్ష్యమును తోసిపుచ్చుట న్యాయము కాదని మా అభిప్రాయము. 2014లో రాష్ట్రము రెండైన పిదప ఈ వాదమునకు సరిహద్దు తగాదా రంగు పులుముట మరింత తగదు. పోతన వ్రాసినది కృష్ణకథ, అంకితమిచ్చినది శ్రీరామునకు. రాజును కాదని రామునికి కావ్యమిచ్చిన కవిని రాముని ఉత్సవములో తలచుకొనుటకు జన్మపత్రిక ఏల?

ఇంతకును ఒంటిమిట్టకు స్వంత కవులు లేకపోలేదు. అయ్యలరాజు తిప్పయ్య ఈ స్వామిమీదనే రఘువీర శతకము చెప్పెను. అష్టదిగ్గజములలో ఒకడని ప్రసిద్ధికెక్కిన రామభద్రుడు ఆ వంశమువాడే. ఆయన రామాభ్యుదయము రచించి గొబ్బూరి నరసరాజునకు అంకితమిచ్చెను. రామకథను రాజబంధువునకు ఇచ్చెనే అని పోతన భక్తులు నొచ్చుకొనవచ్చును గాని, కవికిని కుటుంబముండును గదా!

అయితే ఈ పండుగలో మనము ముఖ్యముగా తలచవలసినవారు మరియొకరు కలరు. వారు వావిలికొలను సుబ్బారావుగారు, వాసుదాసస్వామి అని భక్తులు పిలుచుకొనువారు. 1863లో జన్మించి, తొలుత రెవెన్యూ ఉద్యోగము చేసి, పిమ్మట మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులైరి. వాల్మీకి రామాయణమును తెలుగు పద్యములలోనికి తెచ్చి, 1908లో ఈ ఒంటిమిట్టలోనే, కవిపండితుల సభలో, కోదండరామునకు అంకితము చేసిరి. ఆంధ్రవాల్మీకి అను బిరుదు వారికి దక్కినది. పిదప ఆ గ్రంథమునకే మందరమను పేర విస్తారమైన వ్యాఖ్య వ్రాసిరి.

ఆనాటికి ఆలయము శోభ తప్పియుండెను. 17వ శతాబ్దమున టావెర్నియె అను ఫ్రెంచి యాత్రికుడు మెచ్చుకొన్న గోపురము నిలిచియే ఉన్నను, నిత్యపూజలకు ఆధారము సన్నగిల్లెను. అప్పుడు వాసుదాసుగారు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర భిక్షమెత్తిరి. కళాశాలలో పాఠము చెప్పిన చేయి అది! పడిన ప్రతి కాసును స్వామి కైంకర్యమునకే వెచ్చించిరి. ఆ చిప్పమీదనే ఒక శతకమును సైతము చెప్పిరి. పోతన ఒంటిమిట్టవాడేనని గట్టిగా వాదించినవారిలో వారును ఒకరు. ఆ విషయమున మేము వారితో ఏకీభవింపకున్నను, ఆ పట్టుదలయే గుడికి దీపము పెట్టినదని మరువలేము. 1936లో వారు పరమపదించిరి.

2015 నుండి ఇచటి శ్రీరామనవమి ఉత్సవములు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లాంఛనములతో జరుగుచున్నవి. ఆ సంవత్సరముననే ఆలయము తిరుమల తిరుపతి దేవస్థానముల అధీనములోనికి వచ్చినది. ఇప్పుడు నూనెకు లోటు లేదు. పందిళ్ళు పెద్దవి, జనము వేలకు వేలు. లోటు వచ్చిన, పద్యము వినువారికే రావలెను. కల్యాణము చూడవచ్చువారిలో మందరము తెరచినవారు ఎందరు? తిప్పయ్య పేరు ఎరిగినవారు ఎందరు? నవమినాటి సభలో పోతన పద్యముల తరువాత తిప్పయ్య శతకము నుండి ఒక పద్యమును, మందరము నుండి ఒక ఘట్టమును వినిపింపవలెనని పెద్దలను కోరుచున్నాము. అందులకు అరగంట చాలును. చదువుటకు ఒంటిమిట్ట బడిపిల్లలనే పిలువవచ్చును.