గంజాం సీమలో నవరాత్రి దీపము

బరంపురమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో శరన్నవరాత్రములకు అఖండదీపము పెట్టు ఆచారము పలు యిండ్లలో కలదు. పాడ్యమినాడు వెలిగించిన దీపము విజయదశమి వరకు కొండెక్కరాదు. పెద్ద ప్రమిద, లావుపాటి వత్తి, నువ్వులనూనె, రాత్రులందు మేలుకొని వత్తిని ఎగదోయుటకు ఒక మనిషి. దానికి కావలసినది ఇంతే. కాని యీ సీమలో ఆ తొమ్మిది రాత్రులు ఎట్టి కాలమున వచ్చుచున్నవో తలచుకొన్నచో అది అంత తేలికైన పని కాదని తెలియగలదు.

ఆశ్వయుజమున నైరృతి ఋతుపవనము వెనుకకు మరలును. బంగాళాఖాతపు నీరు అప్పటికిని వెచ్చదనమును విడువదు. వర్షకాలము నడుమ సముద్రముపై దిగువను ఒక దిక్కునకు, ఎగువను వేరొక దిక్కునకు బలముగా వీచు గాలులు వాయుగుండమును నిండుగా పెరుగనీయవు. ఆ గాలులు సడలిన పిదప దానికి అడ్డు తగ్గును. కనుకనే పెనుతుఫానులు వేసవి చివరను, మరల అక్టోబరు, నవంబరు నెలలలోను ఎక్కువగా పుట్టుచున్నవి. అమ్మవారి పండుగయు ఆ రోజులలోనే వచ్చును. గోపాలపురపు రేవు బరంపురమునకు కూతవేటు దూరమనదగినంత దగ్గర. 1972 సెప్టెంబరులో ఆ రేవును తాకిన తుఫానును మా పెద్దలు చాలకాలము చెప్పుకొనెడివారు. ఆ పిదప 1999, 2013, 2018 సంవత్సరములలో మూడు మారులు ఈ తీరమును గాని, దీని పొరుగు తీరమును గాని తాకిన తుఫానులు సరిగా నవరాత్రులలోనే వచ్చినవి. తిథులను, తేదీలను కలిపి చూచువారికి ఇది స్పష్టముగా కనబడును.

మన కుటుంబములు ఈ గడ్డకు ఎప్పుడు వచ్చినవను ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. పట్టునేతగాండ్రయిన దేవాంగులు, దేరవారని ఇచ్చట పిలువబడువారు, రాజమహేంద్రవర ప్రాంతమునుండి మహురి రాజుల పిలుపుపై వచ్చిరని వారి ఐతిహ్యము. రెండేండ్లకొక మారు జరుగు బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారిని పుట్టింటికి పిలిచినట్లు తన యింటికి పిలుచు గౌరవము నేటికిని ఆ కులపెద్దయైన దేశిబెహరాదే. ఉద్యోగములకు, న్యాయవాదమునకు, వర్తకమునకు వచ్చినవారు తరువాతివారు. మన రాష్ట్రపతిగా నుండిన వరాహగిరి వేంకటగిరిగారు 1894లో ఈ బరంపురముననే జన్మించిరి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు గంజాం జిల్లా రెండుగా చీలినది. ఇచ్ఛాపురము మద్రాసు వైపున, బరంపురము ఒరిస్సా వైపున నిలిచినవి. ఇల్లు కదలకయే మనము పరరాష్ట్రమువారమైతిమి. అన్నయింటికి, ఆడపడుచు ఇంటికి నడుమ సరిహద్దు వచ్చినది. గాలివాన మాత్రము నాటికిని నేటికిని ఆ రెండు ఊళ్ళను ఒకటిగానే చూచుచున్నది.

ఇక మా యింటి సంగతి చెప్పెదను. పండుగ సంచికలో సొంతగోడు వ్రాయుట తగునా యని తటపటాయించితిని గాని, ఇట్టి చరిత్ర ఇండ్లలో తప్ప వేరెచ్చటను దొరకదు.

1999లో అక్టోబరు 17వ తేదీ రాత్రి దుర్గాష్టమి. ఆ రాత్రికిని, మరునాటి ఉదయమునకును నడుమ తుఫాను గోపాలపురము చెంత తీరమును దాటినది. అప్పటికి ఈ సముద్రపు తుఫానులకు పేర్లు పెట్టు వాడుక లేదు. పండ్రెండు దినముల పిదప, అక్టోబరు 29న, పారాదీపు ప్రాంతమును తాకి సుమారు 10,000 మందిని బలిగొన్న మహాతుఫాను వచ్చుటచే లోకము ఈ మొదటిదానిని మరచినది. మా యింటివారము మరువలేదు. ఆ రాత్రి ఉత్తరపు కిటికీ రెక్క ఊడిపడి మా అఖండదీపము కొండెక్కినది. మరుసటి యేడు మా నాన్నగారు కాలము చేసిరి. ఈ రెండింటికిని సంబంధము కలదని మాలో ఎవ్వరును అనలేదు. మా అమ్మయు అనలేదు. కాని ప్రతి నవరాత్రమునందును అష్టమినాడు ఆమె నిదుర పోవుట మానివేసినది.

2013లో దుర్గాష్టమి అక్టోబరు 12. ఆ తుఫాను పేరు ఫైలిన్. థాయి భాషలో నీలమణి యని దానికి అర్థమట. ముందుగనే హెచ్చరిక వచ్చుటచే ఒరిస్సాలో సుమారు 10 లక్షలమందిని తీరమునుండి తరలించిరి. 1999లో వేలలో పోయిన ప్రాణములు ఈ మారు పదులలోనే పోయినవి. ఇది చిన్న విషయము కాదు. ఆ సాయంకాలమునకే మా వీధిలో విద్యుత్తు నిలిచిపోయినది. రాత్రి గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగముతో గాలి తీరమును తాకినది.

ఆ రాత్రి మా పూజగదిలో పదునొకండుగురము ఉంటిమి. నేను, నా భార్య, తమ్ముడు, మరదలు, బెంగుళూరునుండి పండుగకు వచ్చిన పిల్లలు, వారి పిల్లలు. మామూలు దినములలో ఎవరి గది వారిది, ఎవరి ఫోను వారిది. ఆనాడు ఇంటిలో వెలుగున్న చోటు అదొక్కటే. చిన్నపిల్లలు ఒరియా మాటలు ఎరుగరు, తెలుగును సగము సగముగా ఎరుగుదురు. మామ్మ చెప్పుచున్న మహిషాసురుని కథలో వారికి తెలియని మాట వచ్చినప్పుడెల్ల వారి తల్లి మెల్లగా ఇంగ్లీషులో చెప్పుచుండెను. కొంతసేపటికి పిల్లలే వద్దనిరి.

తుఫాను కేంద్రము ఒక చోటి మీదుగా గాని, దాపుగా గాని పోవునప్పుడు గాలి మొదట ఒక దిక్కునుండి వీచి, కొంత తెరపి యిచ్చి, పిదప వేరు దిక్కున లేచును. మా అమ్మ ఆ సంగతి ఏ పుస్తకమునందును చదువలేదు. 1972లోను, 1999లోను చూచినది. ఉత్తరపు గాలి తగ్గగనే మేము ఊపిరి పీల్చుకొని లేవబోగా ఆమె కేకవేసినది.

“ఒరే, ఎక్కడికిరా లేస్తారు? ఇప్పుడు అటునుంచి వస్తుంది గాలి. దీపాన్ని కదపకూడదు. మీరే దీపం దగ్గరికి జరగండి.”

మేము జరిగితిమి. పెద్దవారము వీపులు దక్షిణపు తలుపువైపు పెట్టి కూర్చుంటిమి. పిల్లలను లోపల కూర్చుండబెట్టితిమి. తలుపు గడియ రెండు మారులు ఎగిరినది. రెండవ మారు దీపము కొండెక్కినది.

ఆ చీకటిలో ఎవ్వరును మాటాడలేదు. నాకు మా నాన్నగారే గుర్తునకు వచ్చిరి. అమ్మకు అప్పటికి కంటిచూపు మందగించియుండెను గాని, వెలుగు పోయిన సంగతి తెలియనంత కాదు. అంతలో మా మరదలు లేచి, తడుముకొనుచు బియ్యపుకొట్టు గదిలోనికి పోయి, అరచేయి అడ్డుపెట్టుకొని ఒక చిన్న ప్రమిదను తెచ్చినది. పాడ్యమినాడే, అఖండదీపము వెలిగించిన క్షణముననే, దానినుండి వేరొక వత్తి వెలిగించి కిటికీ లేని ఆ గదిలో తోడుదీపముగా నుంచి, ఎనిమిది దినములును ఎవ్వరికిని చెప్పక నూనె పోయుచుండెనట. తన పుట్టినింట, పర్లాకిమిడిలో, అది వాడుకయట. పెద్ద వత్తిని మరల దానితో వెలిగించినది.

అమ్మ ఏమనునోయని అందరము చూచుచుంటిమి. ఆమె చాలసేపు ఏమియు ననలేదు. పిదప, “ఆ నిప్పేనా?” అని అడిగినది. “ఆ నిప్పే అత్తా,” అని మరదలు. “అయితే ఆరలేదు,” అని అమ్మ పక్కకు ఒరిగి, పదునాలుగేండ్ల తరువాత ఒక అష్టమిరాత్రి, ఆ హోరులోనే నిద్రపోయినది.

శాస్త్రము తెలిసినవారు దీనికి ఏమందురో నేనడుగలేదు. అడుగవలసిన పని యున్నదనియు నాకు తోచలేదు.

మా వీధికి విద్యుత్తు మరల వచ్చుటకు వారము దినములకు మించినది. స్తంభములు వరుసగా పడియుండెను, నీటిపంపు నడువదు, ఫోనులు మూగవోయినవి. వెనుక పెరటిలో ఏండ్లతరబడి మూతవేసియున్న నూతి మూత తీసి, పిల్లలకు చేద వేయుట నేర్పితిమి. నవమినాటి ఉదయమున పొరుగింటి ఒరియా యువకుడు, “మావుసీ, కిరసనాయిలు ఉన్నదా?” యని అడుగుచు వచ్చి, లేదని తెలిసి తన డబ్బాలోని దానిలో సగము మాకు పోసిపోయినాడు. మా యింటి నైవేద్యపు పులిహోర వారింటికి పోయినది. సాయంకాలము కాగానే అన్నము ముగించి అందరము ఒక్క చోట చేరుచుంటిమి. పగలు చెప్పని సంగతులు ఎన్నో ఆ చీకటిలో బయటికి వచ్చినవి. నా తమ్ముడును నేనును పంపకముల విషయమున రెండేండ్లుగా ముభావముగా నుంటిమి. ఆ వారములో ఒకనాడు నూతియొద్ద ఆ మాట తేలికగా తెగిపోయినది. ఎట్లు తెగినదో ఇప్పుడు చెప్పలేను.

2018 అక్టోబరు 10న నవరాత్రులు ఆరంభమైనవి. మరునాటి తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దాపున తీరము దాటినది. ఆ మారు దెబ్బ శ్రీకాకుళము, గజపతి జిల్లాలకు పెద్దది. సరిహద్దుకు అవతలనున్న మా బంధువుల జీడితోటలు, కొబ్బరితోటలు నేలకొరిగినవి. అప్పటికి మా అమ్మ లేదు. పాడ్యమినాటి సాయంకాలము మా మరదలు అఖండదీపమును వెలిగించి, దానినుండి చిన్న ప్రమిదను వెలిగించి, ఈ మారు అందరు చూచుచుండగనే బియ్యపుకొట్టు గదిలో పెట్టినది. దానికి రాత్రి కాపలా తమదని బెంగుళూరునుండి వచ్చిన పిల్లలు వంతులు వేసికొనిరి.