హట్టి బంగారం పైపొర

కర్ణాటకలోని రాయచూరు జిల్లా సిరవార నుంచి పడమరగా వెళ్తే లింగసుగూరు తాలూకాలో హట్టి గనులు వస్తాయి. 2001లో కోలారు మూతపడ్డాక దేశంలో చెప్పుకోదగ్గ బంగారం తవ్వితీస్తున్న గని ఇదే. 1915లో మస్కి దగ్గర అశోకుడి పేరున్న శాసనం కూడా బంగారం వెతుకుతూ తిరిగిన ఇంజనీరు సి. బీడన్ కంటనే పడింది. 1947లో, ఇదంతా నిజాం రాజ్యంగా ఉన్నప్పుడు, హైదరాబాదు గోల్డ్ మైన్స్ పేరుతో పుట్టిన కంపెనీయే తర్వాత హట్టి కంపెనీ అయింది. తుంగభద్ర కాలువ నీళ్లొచ్చాక ఇక్కడ క్యాంపులు కట్టుకుని స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ సంగతులు కొంత తెలిసే ఉంటాయి. ఇదే లోహం పైపొర భౌతికశాస్త్రంలో నడిపిన కథ మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

లోహం లోపల ఎలక్ట్రాన్లు అంతటా తిరుగుతాయి. లోహం అయిపోయి శూన్యం మొదలయ్యే చోట మాత్రం కొన్ని ఎలక్ట్రాన్లు లోపలికీ పోలేవు, బయటికీ రాలేవు. కొద్ది వరసల పరమాణువుల మందంలోనే ఉండిపోయి, ఆ పొర వెంట స్వేచ్ఛగా పారుతుంటాయి. ఇలాంటి స్థితులు ఉండి తీరాలని 1932లో లెక్కగట్టినవాడు సోవియట్ శాస్త్రజ్ఞుడు ఇగోర్ టామ్. అంచున ఉన్న పరమాణువు పరిసరాలు లోపలి పరమాణువు పరిసరాల్లా ఉండవు కాబట్టే ఈ స్థితులు పుడతాయన్నాడు. 1939లో అమెరికన్ విలియం షాక్లీ వేరే కారణం చూపించాడు. దూరదూరంగా ఉన్న పరమాణువుల్ని దగ్గరికి చేరుస్తూ పోతే, ఒక హద్దు దాటాక పై శక్తి బ్యాండు (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల పట్టీ), కింది బ్యాండు తారుమారవుతాయి. అలా తారుమారైన స్ఫటికానికే అంచున ఆ స్థితులు వస్తాయి. అంటే అంచున కనబడేదానికి కారణం లోపలే ఉంది. వంచినా సాగదీసినా మారని గుణాల గణితమే టోపాలజీ. ఆ టోపాలజీ పదార్థాల చరిత్రను చాలామంది 1980 నుంచి మొదలుపెడతారు. నన్నడిగితే షాక్లీ దగ్గర మొదలుపెట్టాలి.

షాక్లీకి ఇవి ఊరికే కాగితం మీది లెక్కలుగా మిగల్లేదు. ఆయన తయారుచేయబోయిన ట్రాన్సిస్టర్ మొరాయించినప్పుడు, అర్ధవాహకం ఉపరితలాన చిక్కుకున్న ఎలక్ట్రాన్లే విద్యుత్ క్షేత్రాన్ని లోపలికి పోనివ్వడం లేదని తేల్చింది సహోద్యోగి జాన్ బార్డీన్. ఆ చిక్కు విప్పే ప్రయత్నంలోనే 1947 డిసెంబరులో మొదటి ట్రాన్సిస్టర్ పుట్టింది.

పైపొర స్థితులది ఈ కథలో ఒక పాయ. రెండో పాయ 1980లో, ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో మొదలైంది. అతిశీతలంలో, బలమైన అయస్కాంత క్షేత్రంలో సిలికాన్ పరికరాన్ని పరీక్షిస్తున్న క్లాస్ వాన్ క్లిట్జింగ్‌కు నిరోధం మెట్లు మెట్లుగా కనిపించింది. ప్రతి మెట్టూ 25,812.8 ఓమ్‌లను ఒక పూర్ణాంకంతో భాగిస్తే వచ్చే విలువే. పదార్థంలో మలినాలున్నా ఆ అంకె చెదరలేదు. ఆ పూర్ణాంకం లోపలి ఎలక్ట్రాన్ల అమరికలోని ఒక టోపాలజీ సంఖ్య అని 1982లో డేవిడ్ థౌలెస్ బృందం తేల్చింది. విద్యుత్తు అంచుల వెంట ఎలా పారుతుందో అదే ఏడాది బెర్ట్రాండ్ హాల్పరిన్ వివరించాడు. బయటి అయస్కాంత క్షేత్రం లేకపోయినా ఇది సాధ్యమని 1988లో హాల్డేన్, దానికి ఎలక్ట్రాన్ల స్పిన్ (చిన్న అయస్కాంతంలా చేసే సొంత గుణం) జోడించి 2005లో కేన్, మెలె చూపించారు. 2007లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో పాదరసం, టెల్యూరియం కలిసిన పలుచని పొరలో ఈ అంచు ప్రవాహాన్ని కొలిచారు.

అంచున ప్రవాహం ఎందుకు తప్పదో రైసుమిల్లు బెల్టుతో చెప్పుకోవచ్చు. మెలివేసిన బెల్టును మెలిలేనిదిగా మార్చాలంటే ఎక్కడో ఒకచోట కోయక తప్పదు. తారుమారైన బ్యాండ్ల పదార్థానికి, మామూలు శూన్యానికి మధ్య ఆ కోత పడేది సరిహద్దులో. అక్కడ బ్యాండ్ల మధ్య శక్తి గ్యాప్ మూసుకుపోయి ఎలక్ట్రాన్లకు దారి దొరుకుతుంది.

రెండు పాయలూ బంగారం దగ్గర కలిశాయి. దాని పైపొర ఎలక్ట్రాన్ల శక్తిరేఖ స్పిన్ వల్ల రెండుగా చీలి ఉందని 1996లోనే చూశారు. దాన్ని మామూలు షాక్లీ స్థితిగానే లెక్కవేశారు. 2015లో బింగ్‌హాయ్ యాన్, క్లౌడియా ఫెల్సర్, వాళ్ల సహచరులు దాన్నే మళ్లీ పరిశీలించి, దాని వెనక తారుమారైన బ్యాండ్లున్నాయని, అది టోపాలజీ నుంచి వచ్చినదేనని వాదించారు. వెండి, రాగి, ప్లాటినం, పల్లాడియంలదీ అదే తీరన్నారు. కొత్త పదార్థం కోసం ప్రపంచమంతా గాలిస్తుంటే అది మంగళసూత్రంలోనే ఉందన్నమాట!

ఐఐటీ మద్రాసులో డాక్టరేట్ చేసి ఎమ్ఐటీలో స్థిరపడిన జగదీశ్ మూడేరా బృందం 2020లో ఈ పైపొరను పనిలోకి దించింది. అతివాహక వనేడియం మీద కొన్ని నానోమీటర్ల మందాన బంగారపు తీగలు పరిచి, వాటిపై యూరోపియం సల్ఫైడ్ దిబ్బలు పెట్టి చూస్తే, మయొరానా స్థితుల (తనకు తానే ప్రతికణమైన కణంలా మెలిగే స్థితుల) జంట జాడ కనిపించిందని ప్రకటించింది. తీగ కొసల్లో ఇలాంటివి ఉంటాయని ఇరవై ఏళ్ల ముందే అలెక్సీ కిటాయెవ్ ఊహించాడు. క్వాంటం కంప్యూటర్‌కు అవి గట్టి పునాది అవుతాయన్నది ఆశ.

ఆశ ముందు పరుగెత్తింది, రుజువు వెనకబడింది. మయొరానా జాడ దొరికిందంటూ నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం 2018లో ప్రచురించిన వ్యాసాన్ని 2021లో వెనక్కి తీసుకుంది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2025 ఫిబ్రవరిలో ఇండియం ఆర్సెనైడ్, అల్యూమినియంతో చేసిన మయొరానా 1 చిప్‌ను ప్రకటించింది. దాంతోపాటు నేచర్‌లో వచ్చిన వ్యాసం సమీక్ష పత్రాల్లో, ఈ కొలతలు మయొరానా స్థితులు ఉన్నాయనడానికి సాక్ష్యం కావని సంపాదకులే రాసిపెట్టారు.