పాతవరహా, క్రొత్తవరహా: గోలకొండ హైదరాబాదులందు బంగారునాణెముల విలువ

బంగారునాణెములు కొని దాచుకొనువారికి పాతవి మేలా, క్రొత్తవి మేలా యను సంశయము నేడు పుట్టినది కాదు. గద్యాణము, మాడ, వరహా యను పేర్లు మన శాసనములందును కావ్యములందును పెక్కుచోట్ల గానవచ్చును. శ్రీనాథునకు ప్రౌఢదేవరాయల యాస్థానమున కనకాభిషేకము జరిగెనను ప్రసిద్ధియు పండితు లెఱిగినదే. కాని యొకే కాలమున, ఒకే తూకముగల పాతనాణెమున కొక వెలయు, క్రొత్తనాణెమునకు వేఱొక వెలయు నేల యుండెనో తెలుపు సాక్ష్యము గోలకొండరాజ్యమునకు సంబంధించి లభించుచున్నది. హైదరాబాదు పాతబస్తీలో చార్‌కమాను, గుల్జారుహౌజు ప్రాంతముల బంగారపుటంగళ్లలో నేటికిని వినబడు ప్రశ్నకు ఆ సాక్ష్యము చాలవఱకు సమాధాన మిచ్చును.

ఆ సాక్షి ఫ్రెంచిదేశపు రత్నవర్తకుడగు టావెర్నియరు. అతడు క్రీ. శ. 17వ శతాబ్దిలో ఈ రాజ్యమున పలుమాఱు సంచరించి వజ్రములు కొని, తన యాత్రావృత్తాంతమును 1676లో ప్రకటించెను. కుతుబుషాహీల కాలమున వరహాలు రెండుతెగలుగా చెల్లుచుండెననియు, క్రొత్తవరహా మూడున్నర రూపాయలకు, పాతవరహా నాలుగున్నర రూపాయలకు మాఱుచుండెననియు అతడు వ్రాసెను. పాతదానియందు బంగార మెక్కువ లేదు. తూకమును హెచ్చు గాదు. ఐనను ఒక రూపాయి యధికముగా పలుకుచుండెను.

దీనికి కారణము షరాబుల వృత్తియందే కలదని టావెర్నియరు కనుగొనెను. రాజు పాతవరహాలను కరగించి క్రొత్తవానినిగా ముద్రింపకుండుటకై షరాబులు ఏటేట ధనము చెల్లించుచుండిరట. ఏలన, పాతవరహాలలో కొన్ని యరిగినవి, కొన్ని వన్నె తక్కువవి, కొన్ని తూకము చాలనివి. షరాబు చూచి చెప్పనిదే వర్తకుడు వానిని గైకొనడు. పరీక్షింపక గైకొన్నచో నూటికి ఒకటి మొదలు ఐదాఱు వఱకు నష్టము కలుగవచ్చును. పరీక్షకు ప్రతిఫలము నూటికి పావు. వరహాలు పుచ్చుకొనునపు డొకమాఱును, గనులయొద్ద వజ్రములకు చెల్లించునపుడు మఱొకమాఱును ఈ పావు షరాబునకు ముట్టుచుండెను. నాణెమునుగూర్చిన సందేహమే ఆతనికి జీవనమయ్యెను.

వేలకొలది వరహాలు చెల్లింపవలసినచోట కాలహరణము లేకుండుటకు ఇంకొక యేర్పాటు గలదు. షరాబు వరహాలను పరీక్షించి, చిన్నసంచిలో కట్టి, దానిపై తన ముద్ర వేయును. వర్తకుడు ఆ సంచితోడను, వజ్రము లమ్మినవానితోడను షరాబుకడకు వచ్చి చూపును. ముద్ర చెడకయున్నచో షరాబు, లోపలి నాణెము లన్నియు తాను చూచినవే యనియు, చెడ్డవి తేలిన తానే యుత్తరవాది యనియు చెప్పును. అప్పుడు సంచి విప్పకయే చేతులు మాఱును.

ఈ వృత్తాంతమువలన నాణెపు వెలలో మూడుభాగములు గలవని తేలుచున్నది. మొదటిది లోపలి బంగారము. రెండవది ఆ బంగారమునుగూర్చిన పూచీ. మూడవది ఆ నాణె మిక ముద్రింపబడకపోవుటచేత కలుగు కొఱత. మొదటిదానిని త్రాసును గీటురాయియు తేల్చును. తక్కిన రెండింటిని మనుష్యుల మాట నిలుపును. పాతనాణెము కొనువాడు మోసపోవునది తఱచుగా ఈ రెండింటియందే.

1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన పిదప ఇచ్చటి టంకసాలలలో మొగలాయి ముద్రలు ప్రవేశించెను. ఆసఫ్‌జాహీలు రాజ్యము తామే యేలుచుండినను, 1857నాటి తిరుగుబాటువఱకు ఢిల్లీ చక్రవర్తుల పేరనే నాణెములు ముద్రించిరి. తరువాతి నాణెములపై ఆసఫ్‌జా బిరుదమును, 92 అను సంఖ్యయు కానవచ్చును. మన కటపయాదివలెనే అరబ్బీ యక్షరములకును సంఖ్యలు గలవు. ఆ యబ్జదు లెక్కను మహమ్మదు అను నామమందలి యక్షరములు 40, 8, 40, 4 కూడగా 92 అగును. ఢిల్లీచక్రవర్తి నామము తొలగినచోట ఈ సంఖ్య నిలిచినది. ఒక రాజకీయపరివర్తనము ఇంత చిన్న బిళ్లపై లిఖితమై యున్నది.

పాతబస్తీలోని సుల్తాన్‌షాహీయందు టంకసాల యుండిన కాలమున నాణెములు చేతిదెబ్బచే ముద్రింపబడుచుండెను. ముద్రాఫలకము బిళ్లకంటె పెద్దదగుటచే సంవత్సరమో, పట్టణనామమో అంచుకావల పోయెడిది. కావున రెండును పూర్తిగా నిలిచిన మొహరీ అరుదు. దాని వెలయు హెచ్చు. 1903లో సైఫాబాదున యంత్రముల టంకసాల నెలకొన్నపిదప చార్మినారు చిత్రముగల అష్రఫీలు గుండ్రముగ, ఒకే తీరున వెలువడెను. చార్మినారు ద్వారమున మహబూబు అలీఖాను కాలమున మీము అక్షరమును, ఉస్మాను అలీఖాను కాలమున ఐను అక్షరమును చెక్కబడినవి. ఈ యష్రఫీ వెండిరూపాయివలె అంగడిలో నిత్యము తిరిగినది కాదు; దర్బారులందు నజరుగా సమర్పింపబడినది.

ఇక లెక్క చూడవలెను. అష్రఫీ తూకము 11.178 గ్రాములు, వన్నె వేయింట 910. పదాఱువన్నె మేలిమిగా నెంచినచో ఇది సుమారు పదునాలుగున్నర వన్నె. అందలి మేలిమి బంగారము 10.17 గ్రాములు. భారతప్రభుత్వము 2015 నవంబరులో ఒకవైపు అశోకచక్రమును, మఱొకవైపు గాంధీమహాత్ముని రూపమునుగల బంగారునాణెమును వెలువరించెను. దాని వన్నె వేయింట 999. కావున పదిగ్రాముల నాణెమున మేలిమి 9.99 గ్రాములు. రెండింటికిని భేదము గ్రాములో ఐదవవంతు కూడ లేదు. అష్రఫీకి దీనికంటె మిక్కిలి యధికమైన వెల చెల్లించువాడు బంగారమునకు గాక చరిత్రకు చెల్లించుచున్నాడు. ఆంగ్లరాజ్యపు సవరనునందు మేలిమి 7.32 గ్రాములు, దానికిని ఇదే న్యాయము.

బంగారమును కూడబెట్టుటయే యుద్దేశమైనవానికి క్రొత్తనాణెమే తగినది. హాల్‌మార్కుతో, ముద్ర విప్పిన తెలియునట్లు కట్టబడి వచ్చు నాణెము, టావెర్నియరు చూచిన సంచికి సంతానమువంటిది. దానికి కూలియు పన్నును చెల్లును గాని సందేహమునకు వెల చెల్లింపనక్కఱలేదు. చరిత్రకొఱకు కొనువానికి పాతదే కావలెను. కాని వాడు తానే షరాబు కావలెను: లిపి చదువవలెను, తూకము సరిచూడవలెను, పోతపోసిన నకలును గుర్తింపవలెను. కాసులపేరులో గ్రుచ్చుటకై కొక్కెము అతికిన నాణెమునకును, మెఱపుకొఱకు తోమినదానికిని సేకర్తలయొద్ద వెల తగ్గును. నూఱేండ్లు దాటిన నాణెము 1972నాటి పురావస్తుచట్టముచే పురావస్తువగును. సొంతదారుడు దానిని విదేశములకు పంపరాదు.

క్రొత్తనాణెము కరగినను మఱొకటి ముద్రింపవచ్చును. చేతిదెబ్బ మొహరీలలో ఒకదాని యంచున నిలిచిన సంవత్సరము వేఱొకదానిపై లేకపోవచ్చును. అది మూసలో పడినచో ఆ సాక్ష్యము మరల రాదు. గోలకొండ షరాబులు లాభమునకే యైనను పాతవరహాలను మూసకు పోకుండ కాచిరి. నేడు పెట్టెయడుగున ఒక యష్రఫీగల గృహస్థుడు దాని నమ్మదలచిన అమ్మవచ్చును గాని, ముందుగా తూకము వ్రాయించి, రెండువైపుల చిత్రము తీయించి, లిపి యెఱిగినవారిచే సంవత్సరమును చదివించుట కర్తవ్యము. ఈ పని పాఠశాలల పండితులు తమతమ యూళ్లలో చేయింపగలిగినది. దీనికి వ్యయ మత్యల్పము.