సవర బిడ్డ పలుకు: పర్లాకిమిడిలో ఒక విద్యాచరిత్ర

పర్లాకిమిడి, బరంపురములు తెలుగువారికి ప్రవాసభూములు కావు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడుటతో ఎల్లలు మారినవే కాని వారు ఇల్లు మారలేదు. బిడ్డ మాటను చెవియొగ్గి విని, పిదప పాఠము చెప్పవలెనను తలంపునకు మన విద్యాచరిత్రలో గట్టి పునాది పడినది ఈ సీమలోనే యని నా అభిప్రాయము.

గిడుగు వేంకట రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరిరి. సమీపమందలి కొండలలో సవరలు నివసించుచుండిరి. సవర బిడ్డ బడికి వచ్చినచో పంతులు చెప్పునది తెలుగు, బిడ్డ యెరిగినది సవర. పలుకని బిడ్డను మందబుద్ధి యనుట సులభము. రామమూర్తిగారు అట్లనలేదు. రెండు భాషలు వచ్చిన సవర నొకనిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. పాటలు, కథలు సేకరించిరి. సవరలో వాచకములు కూర్చి, సొంత సొమ్ముతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతము లిచ్చిరి. ప్రభుత్వము పారితోషిక మీయబోగా దానిని సవరల చదువునకే వినియోగింపుడని కోరిరి. 1931లో వారి సవర వ్యాకరణము, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. మన్యమున సోకిన జ్వరమునకు వాడిన క్వినైను వలన వారికి చెవుడు వచ్చెను. అది తుదివరకు విడువలేదు.

మనము గర్వముతో చెప్పుకొను ఈ చరిత్రలో మనకు ఇబ్బంది కలిగించు విషయ మొకటి కలదు. ఆనాడు ఆ బిడ్డ నోరు కట్టినది మన తెలుగే.

1907 ప్రాంతమున పాఠశాలల పరీక్షాధికారి యేట్సుదొర, పిల్లలాడు తెలుగునకును పుస్తకపు తెలుగునకును ఇంత యెడ మేలయని ప్రశ్నించెను. గిడుగు, గురజాడ ప్రభృతులు వ్యావహారికమునకు పూనుకొనిన వృత్తాంతము సుప్రసిద్ధము గనుక విస్తరింపను. (ఈ వ్యాసపు బాణిని చూచినచో వారు నవ్వుదురు కాబోలు!) సవర బిడ్డను విన్న చెవియే తెలుగు బిడ్డను గూడ విన్నదని మాత్రము చెప్పవలెను.

1905లో బరంపురమున జన్మించిన న్యాయపతి రాఘవరావుగారు, సతీమణి కామేశ్వరిగారితో మద్రాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్యలై, పిల్లలకు ఉపన్యసించుటకు మారుగా పిల్లలచేతనే పాడించి మాటాడించిరి. 1945లో 'బాల' పత్రికను స్థాపించిరి.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. అయినను మా అల్పసంఖ్యాక భాషా పాఠశాలలలో ఒక చిక్కు మిగిలియే యున్నది. "మా గుంటడు పడిపోనాడు" అని పిల్ల చెప్పును. "పడిపోయినాడు అనవలెను" అని పంతులు దిద్దును. తమ్ముడెచట పడెనో, దెబ్బ తగిలెనో లేదో ఎవరును అడుగరు. ఇంటను ఇంతే. పిల్ల ఒడియా మాట కలిపి ఏదో చెప్పబోగా తండ్రి "తెలుగులో చెప్పు" అని గద్దించును. పిల్ల తెలుగులోను చెప్పదు, ఒడియాలోను చెప్పదు.

మా తరగతిలో వారమున కొక గంట పిల్లలది. వారు మాటాడునపుడు దిద్దుట లేదు, వ్రాయునపుడే దిద్దుబాటు. ఇటీవల సముద్రతీరపు బాలు డొకడు తన తాత వల అల్లు విధమును చెప్పెను. వాడు పలికిన పనిముట్ల పేర్లలో సగము నాకు కొత్తవి. వానిలో ఒక్కటియు మా వాచకమున లేదు.