పెట్రిన్ కొండమీది గోడయు గోపురమును

ప్రాగ్ నగరమున వల్తావా నదికి పడమటి దరిని నిలిచిన పెట్రిన్ కొండను, నేటి పండ్లతోటలను, గులాబి మడులను, చెట్లనీడ బాటలను చూచి, ఇది ఆదినుండియు విహారమునకే వెలసినదని యాత్రికుడు తలపవచ్చును. కాని మధ్యయుగమున ఆ నగరమును కట్టిన రాతిలో కొంత ఈ కొండను తొలిచి తెచ్చినదే. దీని వాలులలో నాడు ద్రాక్షతోటలును పెరిగినవి.

కొండవాలున ప్రాకిపోవు గోడ చరిత్రము మరింత హృదయంగమమైనది. నాలుగవ చార్లెస్ చక్రవర్తి 1360-1362 సంవత్సరముల నడుమ నగరరక్షణార్థము దీనిని కట్టించెను. పని సాగుచుండగనే, 1361లో, క్షామము సంభవింపగా, నిరుపేదలకు ఈ గోడపనియే అన్నము పెట్టెనని జనశ్రుతి. అందువలన దీనికి ‘ఆకలి గోడ’ యను పేరు నిలిచినది. ధాత కరువునాడు చెన్నపట్టణమున బకింగ్‌హాము కాలువ త్రవ్వి ప్రాణములు నిలుపుకొన్నవారి కథ నెరిగిన మనకు ఈ వృత్తాంతము పరాయిదిగా తోపదు. చక్రవర్తి కట్టించిన గోడను ప్రజలు ఆయన పేరున గాక, రాళ్లు మోసిన కూలివాని యాకలి పేరున స్మరించుచుండుట మిక్కిలి న్యాయమని నా యభిప్రాయము.

గోపురము ఆ పిమ్మట అయిదు శతాబ్దములకు గాని లేవలేదు. అదియు ఏ ప్రభువు ఆజ్ఞవలనను గాదు. 1889లో పారిస్ ప్రదర్శనమునకు వెళ్లిన చెక్ పర్యాటక సంఘమువారు అచ్చటి ఐఫెల్ గోపురమును కాంచి, తమ రాజధానికిని అట్టిది యొకటి కావలెనని సంకల్పించి, ధనము కూర్చి, 1891 మార్చిలో పని యారంభించి, ఆగస్టునాటికి ముగించిరి. ఇంచుమించు అరువది మీటర్ల యెత్తుగల ఆ ఉక్కు గోపురమునకు మెట్లు 299. నాడు చెక్ జాతి ఆస్ట్రియా యేలుబడిలో నుండెను. పరాధీనులైనవారు, కాలినడకపై ప్రీతితో కూడిన యొక సంఘముగా నిలిచి, తమ నగరమునంతను తాము చూచుకొను తావును తామే కల్పించుకొనుట సామాన్యమైన కార్యము గాదు. కొండ యెక్కుటకు త్రాటిరైలును ఆ యేడే వచ్చినది. పైబండి తొట్టిలో నీరు నింపగా, ఆ బరువున అది దిగుచు క్రిందిబండిని మీదికి లాగెడిది. 1932లో దానిని విద్యుత్తుతో నడిపిరి. 1953 మొదలుకొని గోపురము టెలివిజను ప్రసారములకును ఉపకరించినది.

గోపురమెక్కి కోటను, వంతెనలను చూచి మరలిపోవుట పరిపాటి. దిగిన పిదప ఇంచుమించు నాలుగు మీటర్ల యెత్తుగల ఆ గోడ ప్రక్కన కొంతదూరమైనను నడువుడని అచ్చటికి పోవువారికి నా మనవి.